సగంలో ఆగిన యుద్ధ స్మారకం చూడ్డానికి వెళ్తున్నారా? చెక్క మీద కాలు పెట్టకండి

పాడుబడ్డ కట్టడం పైనుంచి ఎవరో పడిపోయారన్న వార్త రాగానే "అంచుకు వెళ్లి ఉంటారు" అనుకుంటాం. అంచు కంటికి కనిపిస్తుంది, మనిషి భయపడి ఆగుతాడు. మింగేది స్లాబు నడిమధ్య, అచ్చం నేలలా ఉండే చోటు.

పని సాగుతున్నప్పుడు మెట్లకని, లిఫ్టుకని, పైపులకని స్లాబులో ఖాళీలు వదులుతారు. వాటి మీద సెంట్రింగ్ చెక్కో, ప్లైవుడ్డో పరుస్తారు. పని ఆగిపోతే అది అక్కడే ఉండిపోతుంది. ఏళ్ల తరబడి వానకు నాని ప్లైవుడ్ పొరలు విడిపోతాయి. పైన దుమ్ము, రాలిన ఆకులు, అందులోనే మొలిచిన గడ్డి. ఇక స్లాబుకీ దానికీ తేడా తెలియదు. ముందు వెళ్లినవాళ్లను మోసింది కదా అనుకోకండి, వాళ్ల అడుగే దాన్ని సగం విరిచి ఉండొచ్చు.

చెక్క మీద కాలు పెట్టకండి. ఆకులు దట్టంగా పరుచుకున్న చోట కూడా పెట్టకండి. కర్రతో పొడిస్తే డొల్ల మోత వచ్చినా, మెత్తగా దిగినా వెనక్కి రండి. అసలు పై అంతస్తు ఎక్కకపోవడమే మేలు. స్మారకాన్ని కట్టేదే కింద నిలబడి తలెత్తి చూడ్డానికి.

కింద నిలబడేటప్పుడూ పైకప్పు చూసుకోండి. కాంక్రీటులోని చువ్వ తుప్పు పడితే ఆ తుప్పు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు తీసుకుంటుంది. కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. చువ్వ వెంబడి పగులు, గోధుమరంగు మరక కనిపించిన చోట కూర్చోవద్దు, వానకు తలదాచుకోవద్దు.

పిల్లర్ల నెత్తిన వదిలేసిన చువ్వల దగ్గర పరుగెత్తొద్దు. నడుమెత్తు నుంచి పడ్డా కడుపులో దిగుతాయి. చువ్వ గీరుకుంటే, టెటనస్ టీకా వేయించుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి.

ఒకప్పటి యుద్ధభూమిలో కట్టిందైతే దారి వదలొద్దు. మట్టిలో తుప్పుపట్టిన ఫిరంగి గుండు కనిపిస్తే ముట్టుకోవద్దు, తన్నొద్దు. పాతదైనా పేలొచ్చు. చోటు గుర్తుపెట్టుకుని పోలీసులకు చెప్పండి.

ఒంటరిగా వెళ్లొద్దు. కంచె దాటొద్దు. తడి నాచు మీద మెట్లెక్కొద్దు. ఫోటో కోసం వెనక్కి నడవొద్దు. పట్టపగలైనా తలకు లైటు ఉండాలి. తేనెపట్టు కింద అరవొద్దు. గబ్బిలాల రెట్ట ఎండిన గదిలో తిరగొద్దు, ఆ దుమ్ములోని బూజు ఊపిరితిత్తులకు పట్టొచ్చు. స్మారకం కొండ మీద ఉంటే, ఉరుము వినపడగానే దిగండి. మూసి ఉన్న సంపులోకి దిగొద్దు, తుప్పుపట్టే ఇనుము లోపలి ఆక్సిజన్‌ను తినేస్తుంది, కాపాడదామని దిగినవాళ్లూ పోతారు. మళ్లీ చెబుతున్నాం, చెక్క మీద కాలు పెట్టకండి.

ఎవరైనా పడితే ఆ కన్నం దగ్గరికి పరుగెత్తొద్దు, మిగిలిన చెక్క మిమ్మల్నీ మోయదు. దూరం నుంచే పిలవండి. కింది అంతస్తు దారిలో వెళ్లండి. వెన్ను విరిగి ఉండొచ్చు, లేపి కూర్చోబెట్టొద్దు. ఒకరు పక్కనే ఉండి, ఇంకొకరు ఫోన్ సిగ్నల్ ఉన్న చోటికి పోవాలి. ఆ చోటేదో వచ్చేటప్పుడే చూసిపెట్టుకోండి.