మానిటర్ కొనేముందు ఒకసారి వెనక్కి తిప్పించండి

బెంగళూరు ఎస్పీ రోడ్ లో మానిటర్ కొనడానికి వెళ్తే షాపాయన స్క్రీన్ ఆన్ చేసి కలర్స్ చూపిస్తాడు, మనం బావుందని డబ్బులు తీసేస్తాం. అలా చెయ్యకండి. ముందు దాన్ని వెనక్కి తిప్పించి లేబుల్ ఫోటో తీసుకోండి, అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, జూమ్ చేస్తే గానీ కనపడవు.

కొత్త మానిటర్ అయితే ఫస్ట్ వెతకాల్సింది బీఐఎస్ గుర్తు, అంటే మన దేశ ప్రమాణాల సంస్థ గుర్తు. పైన ఐఎస్ తో మొదలయ్యే స్టాండర్డ్ నంబర్ (ఐఎస్ 13252 లాంటిది), కింద ఆర్ అక్షరం, అడ్డగీత, 8 అంకెలు ఉంటాయి. మన దేశంలో ఇది తప్పనిసరి, మిగతా స్టిక్కర్లు ఎన్నున్నా ఇది లేకపోతే వద్దనెయ్యండి. నంబర్ ఉంది కదా అని ఊరుకోకుండా బీఐఎస్ కేర్ యాప్ లో కొట్టి చూడండి, తయారుచేసినవాళ్ళెవరు, బ్రాండేంటి, ఏ వస్తువుకిచ్చారు అన్నీ వస్తాయి. నేను ఇక్కడే దెబ్బతిన్నా. మా తమ్ముడికి ఒకటి కొంటూ అడాప్టర్ మీదున్న నంబర్ చూసి మానిటర్‌దే అనుకున్నా, ఇంటికొచ్చి యాప్ లో కొడితే పవర్ అడాప్టర్ అని వచ్చింది, అప్పుడు వెనక్కి తిప్పితే లేబుల్ ఉండాల్సిన చోట గమ్ మరక ఒక్కటే ఉంది, షాపువాళ్ళు వాపస్ తీసుకోలేదు. అడాప్టర్ విడిగా వస్తే దాని నంబర్ దానిదే, మానిటర్ నంబర్ మానిటర్‌దే, రెండూ చూడాల్సిందే.

సీఈ గుర్తు చూసి మోసపోకండి, అది యూరప్ మార్కెట్ కోసం కంపెనీ తనే వేసుకునే గుర్తు, ఇక్కడ బీఐఎస్ బదులు పనికిరాదు. లేబుల్ మీద రోస్ (RoHS) అని కూడా ఉంటుంది, అది విష పదార్థాల సంగతి, సీసం, పాదరసం లాంటివి 0.1 శాతం, కాడ్మియం 0.01 శాతం దాటకూడదని రూల్, మన ఈ-వేస్ట్ రూల్స్ లో కూడా ఇవే లిమిట్లు. స్వీడన్ వాళ్ళు పర్యావరణం, వాడేవాళ్ళ ఆరోగ్యం చూసి ఇచ్చే టీసీఓ సర్టిఫైడ్ గుర్తు ఉంటే ఇంకా మంచిది, 1992 నుంచి మానిటర్లని చెక్ చేస్తున్నారు.

కరెంటు సంగతికి ఎనర్జీ స్టార్ గుర్తు ఉందో లేదో చూడండి. మీ మోడల్ యూరప్‌లో కూడా అమ్మేదైతే ఏ నుంచి జీ వరకు గ్రేడ్ ఉన్న లేబుల్ నెట్ లో దొరుకుతుంది, 2021 మార్చి నుంచి వస్తున్న కొత్త లేబుల్ చూడండి, అందులో 1000 గంటలకి ఎన్ని యూనిట్లో ఉంటుంది. 20 అని ఉందనుకోండి, వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్ళు ఏడాదికి 2400 గంటలు వాడితే 48 యూనిట్లు, మీ బెస్కామ్ బిల్లు రేటుతో గుణించుకోండి.

అడ్డంగా కొట్టేసిన చెత్తబుట్ట బొమ్మ ఉంటుంది చూడండి, మామూలు చెత్తలో పడెయ్యొద్దని దానర్థం, దాన్ని మాత్రం దయచేసి పట్టించుకోండి. పాత ఎల్‌సీడీల్లో వెనక సన్న ట్యూబులుంటాయి, వాటిలో పాదరసం ఉంటుంది, పగిలితే పక్కన పిల్లలుంటే ఎంత ప్రమాదమో. గుజరీ వాళ్ళకి కిలోల లెక్కన వెయ్యకండి. 2022 ఈ-వేస్ట్ రూల్స్ ప్రకారం పాత సామాను రీసైకిల్ చేయించే బాధ్యత కంపెనీదే, వాళ్ళ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఎక్కడ ఇవ్వాలో అడగండి, ఇచ్చేటప్పుడు మోడల్ నంబర్ రాసిన రసీదు తీసుకోండి.