దీపంతల కింద ఇసుక తాంబాళం

దీపావళికి గడప పక్కన, కిటికీ గట్టు మీద దీపంతలు, అంటే ప్రమిదలు, పెడతాం. కొత్త మట్టివి నూనె పీల్చి కిందికి కారుస్తాయి. పోయినేడు హన్మకొండలో మా ఇంట్లో అట్లా కారిన నూనెకు వత్తి మంట అంటుకుని, కిటికీ చెక్క జానెడు మేర నల్లబడింది. పరదా అంచు కూడా కమిలింది.

ఇప్పుడు చేస్తున్నది ఇదీ. కొత్త ప్రమిదల్ని ముందురోజు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున తుడిచి ఎండబెడతాను. నూనె ఖర్చు కూడా తగ్గింది. పాత స్టీలు తాంబాళంలో అంగుళం మందాన పొడి ఇసుక పోసి, అందులో ఐదు ప్రమిదల్ని కొంచెం లోపలికి దిగేలా కూర్చోబెడతాను. నూనె ముప్పావు వంతే, వత్తి బయటికి అర అంగుళమే. కారినా ఇసుకలోకే పోతుంది, పిల్లల కాలు తగిలినా అంత తేలిగ్గా పడిపోవు. పరదాను పైకి మడిచి క్లిప్పు పెట్టేస్తాను. కాలిన కాకరపువ్వొత్తి పుల్లలకు పక్కనే అర బక్కెట్ నీళ్లు. పుల్ల ఆరినట్టే కనిపిస్తుంది కానీ చాలాసేపు వేడి పోదు, పిల్లలు దాన్నే తొక్కుతారు.

గాలి ఎక్కువుంటే డాబా మీద, బట్టల దండెం కింద ఈ తాంబాళం పెట్టినా లాభం లేదు. ఇసుక కింద కాపాడుతుంది, పైన ఎగిరే మంటను ఆపదు. నూనె అంటుకుంటే మాత్రం నీళ్లు చల్లకండి, మంట ఎగిసిపడుతుంది. ఇనుప మూత బోర్లించండి, లేదా అదే ఇసుక పోయండి. అదుపు తప్పితే అందరూ బయటికొచ్చి 101కి ఫోన్ చేయండి.