ఉపగ్రహ డేటా నుంచి సివిల్ త్రీడీలో కాంటూర్లు తీయడం

మామూలు ఉపగ్రహ ఫొటోలో ఎత్తు ఉండదు. దాన్ని సివిల్ త్రీడీ (ఆటోడెస్క్ వారి సివిల్ ఇంజనీరింగ్ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్) డ్రాయింగ్‌లో పెట్టుకుని ఎంత గీసినా కాంటూర్, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత, రాదు. కావలసింది డెమ్, అంటే ప్రతి గడిలో ఆ చోటి ఎత్తు ఉండే రాస్టర్ ఫైలు. ఉచితంగా దొరికేవాటిలో ముందు చూడాల్సింది కోపర్నికస్ 30 మీటర్ల డెమ్. ఓపెన్‌టోపోగ్రఫీ వెబ్‌సైటులో మ్యాప్ మీద పెట్టె గీసి జియోటిఫ్‌గా (స్థానం వివరాలున్న రాస్టర్ ఫైలుగా) దించుకోవచ్చు. ఇస్రో వారి భువన్ పోర్టల్‌లో కార్టోశాట్-1 ఉపగ్రహ జంట చిత్రాలతో చేసిన కార్టోడెమ్ కూడా ఉంది. ఈ రెంటినీ ఒకే డ్రాయింగ్‌లో కలపకండి. కోపర్నికస్ ఎత్తులు జియాయిడ్ (సుమారుగా సముద్ర మట్టం) నుంచి, కార్టోడెమ్ ఎత్తులు ఎలిప్సాయిడ్ (భూమికి గణితంలో అనుకున్న నున్నటి ఆకారం) నుంచి లెక్కించినవి. హైదరాబాద్ చుట్టుపక్కల ఈ తేడా దాదాపు 75 మీటర్లు.

దించిన ఫైలు అక్షాంశ రేఖాంశాల్లో, డిగ్రీల్లో ఉంటుంది. అలాగే వాడితే 5 కిలోమీటర్ల సైటు డ్రాయింగ్‌లో 0.05 యూనిట్లకు కుంచించుకుపోతుంది, ఎత్తులు మాత్రం మీటర్లలోనే నిలబడతాయి. అందుకే ముందు యూటీఎంలోకి, అంటే భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతిలోకి, మార్చాలి. హైదరాబాద్‌కు జోన్ 44. కానీ 78 డిగ్రీల రేఖకు పడమరనున్న వికారాబాద్ అనంతగిరి కొండలకు జోన్ 43, సాఫ్ట్‌వేర్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32643. సైటు ఆ రేఖకు రెండు వైపులా పడితే ఏదో ఒక జోన్‌లోనే మొత్తం పని చేయండి.

ఈ మార్పుకు ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్ క్యూజిస్‌లో రాస్టర్, ప్రొజెక్షన్స్, వార్ప్‌కు వెళ్లి రీశాంప్లింగ్ (కొత్త గడుల ఎత్తు లెక్కకట్టే పద్ధతి) బైలీనియర్ పెట్టండి. నియరెస్ట్ నైబర్‌నే అలా ఉంచేస్తే కాంటూర్లు మెట్లమెట్లుగా వస్తాయి. వార్ప్ చేసినప్పుడు గ్రిడ్ కాస్త తిరిగి, అంచుల్లో ఖాళీ ముక్కలు మిగులుతాయి. వాటికి నోడేటా (ఇక్కడ డేటా లేదని చెప్పే) విలువ ఇవ్వకపోతే ఎత్తు 0 అవుతుంది. 600 మీటర్ల నేల పక్కన 0 అంటే, 5 మీటర్ల అంతరంతో 120 గీతలు అంచున నల్లటి పట్టీలా పేరుకుంటాయి. కాబట్టి పెద్ద ముక్క దించుకుని, వార్ప్ అయ్యాక లోపలి నుంచి క్లిప్ చేయండి. ఫైలు చిన్నదైతే సివిల్ త్రీడీ కూడా మొరాయించదు.

ఇక సివిల్ త్రీడీ. మెట్రిక్ టెంప్లేట్ తెరిచి, ఎడిట్ డ్రాయింగ్ సెట్టింగ్స్‌లో అదే యూటీఎం జోన్ ఇవ్వండి. ప్రాస్పెక్టర్‌లో సర్ఫేసెస్ మీద రైట్‌క్లిక్ చేసి, క్రియేట్ సర్ఫేస్ ఫ్రమ్ డెమ్‌తో ఫైలు ఎంచుకోండి. సర్ఫేస్ స్టైల్‌లో కాంటూర్ల అంతరం మైనర్ 5, మేజర్ 25 మీటర్లు. స్మూతింగ్ కొంచెమే పెంచండి, ఎక్కువైతే నిటారు వాలులో పక్కపక్క గీతలు ఒకదాన్నొకటి దాటేస్తాయి. విడి పాలీలైన్లు కావాలంటే ఎక్స్‌ట్రాక్ట్ ఆబ్జెక్ట్స్ వాడండి.

ఉత్త ఆటోక్యాడ్ మాత్రమే ఉంటే క్యూజిస్‌లోనే రాస్టర్, ఎక్స్‌ట్రాక్షన్, కాంటూర్ నడిపి ఆటోక్యాడ్ తెరవగల డీఎక్స్ఎఫ్ ఫైలుగా సేవ్ చేయండి. అడ్వాన్స్‌డ్ పారామీటర్లలో త్రీడీ వెక్టర్ టిక్ మరిచారో, గీతలన్నీ జెడ్ సున్నాలో పడుంటాయి.

అంతరం 1 మీటర్ అన్నా సాఫ్ట్‌వేర్ నోరెత్తకుండా గీసిపెడుతుంది. కోపర్నికస్‌కు చెప్పిన ఖచ్చితత్వమే 90 శాతం చోట్ల 4 మీటర్ల లోపు. కొండల్లో ప్రాథమిక ప్లానుకు 5 మీటర్ల అంతరం దాకా మాత్రమే వెళ్లొచ్చు, 10 అయితే నిశ్చింత. గోదావరి డెల్టాలాంటి చదును నేలలో ఈ డేటాతో కాంటూర్లు తీయడం దండగ. మట్టి పని పరిమాణాలకైతే ఎక్కడా వాడొద్దు.

కోపర్నికస్ డెమ్ రాడార్ చూసిన పైభాగం, నేల కాదు. అనంతగిరి అడవి అంచున వాలు లేకపోయినా కాంటూర్లు లేచి కనిపిస్తే అవి చెట్లే. చెరువు చదునుగా వస్తుంది, అది నీటి మట్టం. దాంతో చెరువు నిల్వ లెక్కకట్టలేం.

చివరగా, సైటులో చెట్లు లేని చోట నాలుగైదు డీజీపీఎస్ (ఖచ్చితంగా కొలిచే జీపీఎస్) పాయింట్లు తీసి సర్ఫేస్‌తో పోల్చండి. తేడా అన్నిచోట్లా దాదాపు ఒకటే అయితే రైజ్/లోయర్ సర్ఫేస్‌తో సరిదిద్దొచ్చు. ఒకచోట 1, ఇంకోచోట 6 మీటర్లు వస్తుంటే దాన్ని సరిదిద్దే మార్గం లేదు. సర్వే పరికరం టోటల్ స్టేషన్ పట్టుకెళ్లాల్సిందే.