ఆసుపత్రి రాత్రులకు ఒక అట్టముక్క

కర్నూలు పెద్దాసుపత్రిలో మనవాళ్లకు తోడుగా కూర్చున్న రాత్రి, టెన్షన్‌లో బైబిలు తెరిచినా ఎక్కడ చదవాలో తోచదు. మందుల డబ్బా అట్ట చింపి, కీర్తనల అంకెలు ముందే పెద్దగా రాసి బైబిల్లో పెట్టుకోండి: భయానికి 46, ఏడుపు ఆగకపోతే 13, ప్రయాణానికి 121, నిద్ర పట్టకపోతే 4. 13లో 6 వచనాలే. 121, 4లలో ఎనిమిదేసి. పెదవులు కదిలేలా మెల్లగా రెండుసార్లు చదవండి. ఉత్త కళ్లతో చదివితే మనసు మళ్లీ స్కానింగ్ రిపోర్టు మీదికే పోతుంది. 88 మాత్రం అర్ధరాత్రి ఒంటరిగా వద్దు, చివరిదాకా చీకటే.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలనిపించకపోయినా ఈ అట్టముక్క చాలదు. మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ (టెలి-మానస్) 14416కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. పాస్టరుగారి ప్రార్థనకు అదేం అడ్డు కాదు.