ఇంట్లో బీరు తయారుచేసే సామానుకు శానిటైజర్‌ను లీటరు చొప్పున కలుపుకోవడం ఎలా?

అమెరికాలో ఇంట్లో బీరు తయారుచేసుకునేవారి దగ్గర తరచుగా కనిపించే శానిటైజర్ స్టార్ శాన్. ఆ సీసా మీద ఇచ్చిన కొలత 5 గాలన్ల నీటికి 1 ఔన్సు, అంటే దాదాపు 19 లీటర్ల నీటికి 30 మిల్లీలీటర్ల చిక్కటి ద్రావణం. ఒక ఎయిర్‌లాక్‌నూ (పులిసేటప్పుడు వచ్చే వాయువును బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని చిన్న గొట్టం), రబ్బరు బిరడానూ, ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటరునూ తడపడానికి బకెట్ నిండా కలిపి, సాయంత్రానికి దాన్ని సింకులో పారబోయడానికి నాకు ఎన్నడూ మనసొప్పలేదు. ఒక లీటరు కలుపుకుంటే ఆ పనంతా తీరిపోతుంది. అయితే పరిమాణం తగ్గేకొద్దీ కొలతలో చిన్న పొరపాటు కూడా పెద్దదవుతుంది. 19 లీటర్లలో 1 మి.లీ. అటూ ఇటూ అయితే తేడా 3 శాతమే, లీటరు నీటిలో అదే 1 మి.లీ. తేడా 60 శాతం దాటుతుంది. అందుకే ఈ పనిలో చెంచాను, కంటి అంచనాను నమ్మకూడదు.

అమెరికాలో ఫెడరల్ చట్టం 1979 నుంచి ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్ల బీరు సొంత వాడకానికి తయారుచేసుకోనిస్తోంది, కనుక అక్కడి తెలుగువారిలో ఈ అభిరుచి ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం ఎక్సైజు చట్టం ప్రకారం నేరం. అక్కడివారికి ఈ కొలతలు కొంబుచా (పులియబెట్టిన తీపి టీ) జాడీలకూ సీసాలకూ పనికొస్తాయి.

ముందు కడగాలి

శానిటైజర్ మురికిని వదిలించదు. కళ్లకు శుభ్రంగా కనిపించే ఉపరితలం మీద మిగిలిన సూక్ష్మజీవులను అది చంపుతుంది, అంతే. మొదటి ఏడాది నేను కాచిన బీరు రెండుసార్లు వరుసగా పుల్లబడింది. శానిటైజర్ పాళ్లు తప్పాయేమోనని రెండుసార్లూ దాన్నే అనుమానించాను. చివరికి బకెట్ అడుగున ఉండే ప్లాస్టిక్ కుళాయిని మరలు తిప్పి విప్పితే, వాషరు వెనక గోధుమరంగులో, ఆరిన గంజిలా ఈస్టు అంటుకుని కనిపించింది. ఆ పొర కింద దాగిన క్రిములకు ఏ ద్రావణమూ తగలదు. కాబట్టి కుళాయి, సైఫన్ వంటి విడిభాగాలున్న వస్తువులను పూర్తిగా విప్పి, పీబీడబ్ల్యూ వంటి క్షార పొడి కలిపిన గోరువెచ్చని నీటిలో నానబెట్టి, మెత్తటి స్పాంజితో రుద్ది, మంచినీటితో బాగా జాడించాలి. జాడించడంలో అశ్రద్ధ చేస్తే మిగిలిన క్షారం శానిటైజర్‌లోని ఆమ్లాన్ని తినేస్తుంది.

నీళ్లు, సిరంజి

స్టార్ శాన్‌లో ప్రధానంగా ఉండేవి ఫాస్ఫారిక్ ఆమ్లం, క్రిముల పొరను ఛేదించే డోడెసిల్‌బెంజీన్ సల్ఫోనిక్ ఆమ్లం. కలిపిన ద్రావణం పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత; ఎంత తక్కువైతే అంత ఆమ్లం) 3 కంటే తక్కువగా ఉన్నంతకాలం అది నమ్మకంగా పనిచేస్తుంది. ఫీనిక్స్, లాస్ వేగస్ వంటి ఊళ్లలో కుళాయి నీరు బాగా కఠినంగా ఉంటుంది. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం నురుగునిచ్చే పదార్థంతో కలిసి ద్రావణాన్ని మజ్జిగ తేటలా తెల్లగా మారుస్తాయి, బైకార్బనేట్లు ఆమ్లంలో కొంత భాగాన్ని ఖర్చుచేస్తాయి. సియాటిల్ లాంటి మెత్తటి నీళ్లున్న చోట ఈ బెడద చాలా తక్కువ. నా మటుకు నేను దుకాణంలో గాలన్ క్యానుల్లో అమ్మే డిస్టిల్డ్ నీటినే వాడతాను. కొద్దికొద్దిగా కలుపుకోవడంలో ఉన్న అసలు లాభం ఇదే: 19 లీటర్ల డిస్టిల్డ్ నీరు కొనడం దండగ, ఒక లీటరు కొనడం దండగ కాదు. ఇంట్లో ఆర్వో యంత్రం ఉంటే ఆ నీరూ సరిపోతుంది.

కొలవడానికి పిల్లలకు మందు పట్టే, సూది లేని 5 మి.లీ. సిరంజి చాలు. దాని మీద సాధారణంగా 0.2 మి.లీ.కి ఒక గీత ఉంటుంది. లీటరుకు కావలసింది 1.6 మి.లీ., అంటే సరిగ్గా ఎనిమిదో గీత. అర లీటరుకు 0.8, రెండు లీటర్లకు 3.1, ఒక గాలన్‌కు 5.9 మి.లీ. పడుతుంది. అర లీటరు స్ప్రే సీసా ఒక్కటే నింపాలన్నా నేను ఒక లీటరు కలిపి, మిగిలిన సగాన్ని మూత ఉన్న డబ్బాలో పెడతాను. 0.8 మి.లీ.ని తప్పులేకుండా కొలవడం కంటే 1.6 కొలవడం తేలిక.

కలిపే పద్ధతి

చిక్కటి ద్రావణం చర్మాన్నీ కళ్లనూ కాల్చగలదు కనుక, కొలిచేది ఎంత తక్కువైనా చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. పాలరాతి గట్టు మీద ఒక్క చుక్క పడినా మెరుపు పోయి మచ్చ మిగులుతుంది కాబట్టి ఈ పని సింకులోనో, ప్లాస్టిక్ పళ్లెంలోనో పెట్టుకుని చేయాలి.

ముందు శుభ్రమైన ప్లాస్టిక్ కూజాలో లీటరు నీళ్లు కొలిచి పోయండి. ఆమ్లాన్ని నీటిలో వేయాలి గాని, ఆమ్లం మీద నీళ్లు పోయకూడదు. భద్రత సంగతి అలా ఉంచినా, ముందు ఆమ్లం వేసి దాని మీద కుళాయి తిప్పితే నురుగు పొంగి కూజాలో నీళ్లు ఎంత వచ్చాయో కనబడదు. తర్వాత సీసాలోంచి కొద్దిగా ద్రావణాన్ని చిన్న ప్లాస్టిక్ గిన్నెలోకి వంపుకుని సిరంజితో లాగండి. అది పలుచని పాకంలా ఉంటుంది కనుక తొందరగా లాగితే గాలి బుడగ చేరుతుంది, ఆ బుడగ పట్టినంత మేర కొలత తగ్గిపోతుంది. సిరంజిని నిలువుగా పట్టుకుని, వేలితో మెల్లగా తట్టి, బుడగను పైకి తెచ్చి బయటికి నెట్టాకే గీత చూసుకోవాలి. కొలిచినదాన్ని నీటిలోకి వదిలి, అదే నీటిని సిరంజిలోకి రెండుసార్లు లాగి వదిలితే గోడలకు అంటుకున్నది కూడా దిగిపోతుంది. కూజాను కుదపకుండా గుండ్రంగా తిప్పితే నురుగు ఎక్కువ రాకుండా కలుస్తుంది.

ఇంకాస్త వేస్తే ఇంకాస్త మంచిదని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. కడగకుండా వాడవచ్చన్న భరోసా లేబుల్ మీది పాళ్లకే వర్తిస్తుంది, అంతకు మించితే మళ్లీ కడగాల్సి వస్తుంది, కుళాయి నీటితో కడిగితే చేసిన పనికి అర్థం ఉండదు.

వాడకం

వోర్ట్ (ఈస్టు వేయక ముందు ఉండే, మొలకెత్తిన ధాన్యం నుంచి తీసిన తియ్యటి ద్రవం) మరుగుతున్నంతసేపూ దానికి భయం లేదు. చల్లారిన తర్వాత దాన్ని తాకే ప్రతి వస్తువునూ, ఈస్టు ప్యాకెట్‌ను కత్తిరించే కత్తెరతో సహా, ఈ ద్రావణంతో తడపాలి. చిన్న వస్తువులను గిన్నెలో ముంచండి. ఫర్మెంటర్ (బీరు పులిసే పాత్ర) లోపలి గోడలకు స్ప్రే కొట్టండి. ఉపరితలం ఒకటి రెండు నిమిషాలు తడిగా ఉండడం ముఖ్యం, నురుగు అంటుకుని ఉన్నా అది తడి కిందే లెక్క. తర్వాత వంపేసి, తుడవకుండా, కడగకుండా వాడుకోవచ్చు. అడుగున కాస్త నురుగు మిగిలినా బీరుకు హాని లేదు. ఫాస్ఫారిక్ ఆమ్లం కోలా పానీయాల్లోనూ ఉండేదే.

డిస్టిల్డ్ నీటితో కలిపి మూత బిగించినది కొన్ని వారాలు నిలుస్తుంది. వాడే ముందు పీహెచ్ కాగితంతో 3కు లోపే ఉందని చూసుకోండి. కుళాయి నీటిలో కలిపి తెల్లబడినదాన్ని ఆ రోజుకే వాడుకుని పారబోయడం మంచిది. డబ్బా మీద పేరు, పాళ్లు, తేదీ తప్పక రాయాలి. ఖాళీ అయిన మంచినీళ్ల సీసాలో మాత్రం దీన్ని ఎప్పుడూ పోయవద్దు. మన ఇళ్లలో అలాంటి సీసాలను దాచి మళ్లీ వాడే అలవాటుంది, దాహం వేసిన పిల్లలకు అందులో ఉన్నది నీళ్లలాగే కనిపిస్తుంది.

స్టార్ శాన్ బదులు అయోడొఫోర్ (అయోడిన్‌తో చేసిన శానిటైజర్) వాడేవారు, అయోడిన్ 1.6 శాతం ఉన్న ద్రావణమైతే లీటరుకు 0.8 మి.లీ. చొప్పున కలిపితే 12.5 పీపీఎం (పది లక్షల పాళ్లలో 12.5 పాళ్లు) అయోడిన్ వస్తుంది. రెండు నిమిషాలు తడిగా ఉంచాలి. అయోడిన్ గాలిలోకి పోతుంది కనుక అది నిల్వకు పనికిరాదు, ఆ లేత తేనెరంగు వెలిసిందంటే బలం పోయినట్టే. బ్లీచ్‌ను మాత్రం నేను సిఫారసు చేయను: స్టీలుకు గుంటలు పడతాయి, సరిగా జాడించకపోతే బీరుకు ఆసుపత్రి మందుల వాసన వస్తుంది, పొరపాటున స్టార్ శాన్ లాంటి ఆమ్లంతో కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఆ రెండింటినీ ఒకే అరలో పెట్టవద్దు.

సీసాల్లో నింపే రోజున మాత్రం లీటరు చాలదు. 5 గాలన్ల బీరుకు 12 ఔన్సుల సీసాలు సుమారు యాభై పడతాయి. రెండు లీటర్లు కలిపి, గరాటుతో మొదటి సీసాలో సగం దాకా పోసి, బొటనవేలితో మూసి తిప్పి, అదే ద్రావణాన్ని పక్క సీసాలోకి వంపుతూ పోవాలి. వంపిన ప్రతి సీసానూ అదే ద్రావణంతో తడిపిన ర్యాకులో బోర్లించి, నురుగు కారుతుండగానే బీరు నింపడం మొదలుపెట్టవచ్చు.