యానాం ఒక్క రోజులో చూసి రావాలంటే

యానాం వెళ్తున్నాం, ఏం చూడాలి అని అడిగిన వాళ్లని నేను ముందు ఒకటి అడుగుతాను: పాండిచ్చేరి చూశారా? చూసుంటే ఆ పసుపు గోడలూ కాగితప్పూల తీగలూ కాఫీ హోటళ్లూ కాసేపు మర్చిపోండి. అలాంటి వీధుల కోసం యానాంలో వెతికితే గంటలో విసుగొచ్చి "ఇంతేనా" అనుకుంటూ తిరుగు బస్సెక్కేస్తారు. పాండిచ్చేరి లాగే ఫ్రెంచి వాళ్లు ఏలిన ఊరు అనేది తర్వాత సంగతి, ఇది ముందు రేవు ఊరు. గోదావరి పాయ గౌతమి ఒడ్డున, కోరంగి పాయ విడిపోయే చోట పుట్టిన ఊరు కాబట్టి నీళ్ల దగ్గర మొదలుపెట్టి నీళ్ల దగ్గర ఆపితేనే ఏదైనా చూసినట్టుంటుంది, మిగతావి మధ్యలో ఎలాగోలా సర్దుకోవచ్చు.

కాకినాడ నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే. 216 జాతీయ రహదారి మీద తాళ్లరేవు దాటాక వచ్చేస్తుంది, అమలాపురం వెళ్లే బస్సు ఎక్కి యానాంలో దిగిపోవచ్చు. కోనసీమ వాళ్లకి ఇంకా సులువు, ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఎక్కితే దిగేది యానాంలోనే. 2002లో ఆ వంతెన వచ్చేదాకా పంటు మీదే, అంటే బళ్లనీ మనుషుల్నీ దాటించే పెద్ద పడవ మీదే దాటేవాళ్లం, పంటు అవతలి ఒడ్డున ఉందంటే ఇక వేరుశనక్కాయలు కొనుక్కుని కూర్చోవడమే. లోక్‌సభ స్పీకరుగా ఉండగా అదే ఏడాది మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయిన జి.ఎం.సి. బాలయోగి పేరే దానికి పెట్టారు. మీరు కోనసీమ వైపు నుంచి పొద్దున్నే వస్తుంటే నా సలహా, ఎదుర్లంకలో బస్సు దిగిపోయి వంతెన మీద నడిచి ఊళ్లోకి రండి. లారీలు తిరుగుతుంటాయి, పక్కకి ఉండి నడవండి, చిన్నపిల్లలుంటే మాత్రం వద్దు. నది ఎంత వెడల్పో, ఊరు దానికి ఎంత ఆనుకుని ఉందో కారులో రెండు నిమిషాల్లో దాటేస్తే తెలియదు.

ఏ నెలలో రావాలి అంటే కార్తీకం నుంచి మాఘం దాకా హాయిగా ఉంటుంది. మే నెలలో మాత్రం రావద్దు, ఇది అనుభవంతో చెప్తున్నాను. ఒకసారి హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టాలని మే నెల మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి తీసుకొచ్చాను, గుడి మూసేశారు, చర్చి తలుపు వేసేసి ఉంది, ఒడ్డున చెప్పులు విప్పిన పిల్లాడు కాళ్లు కాలి ఏడుపు, మా బావగారు "మీ ఫ్రాన్స్ బాగుందయ్యా" అని ఇప్పటికీ అంటారు.

రోజు ఎలా పంచుకోవాలో ఇప్పుడు చెప్తాను. కాకినాడ వైపు నుంచి వచ్చేవాళ్లు ముందు దారిలోనే కోరంగి మడ అడవుల దగ్గర ఆగండి, రోడ్డు మీదే పడుతుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, మొత్తం 235 చదరపు కిలోమీటర్లు. మనం నడిచేది అందులో చెక్కబాట వేసిన చిన్న ముక్క మాత్రమే. ఇక్కడ గడియారం కన్నా పోటూ పాటూ, అంటే సముద్రపు నీళ్లు ఎక్కడం దిగడం ముఖ్యం. పోటు మీద ఉంటే కాలువలో పడవ బాగా లోపలికి పోతుంది. పాటులో అయితే పడవ సంగతి అనుమానమే గానీ బురద తేలి, ఊపిరి కోసం పైకి పొడుచుకొచ్చిన మడ వేళ్లూ, వాటి మధ్య గెంతే బురద చేపలూ, ఎర్ర డెక్కల పీతలూ కనిపిస్తాయి. నాకైతే పాటే ఇష్టం. పోటు సమయం రోజుకి ముప్పావుగంట పైనే వెనక్కి జరుగుతుంటుంది, అమావాస్యకీ పున్నమికీ పోటు పెద్దది, అష్టమి నాటికి చప్పబడిపోతుంది. ఇవన్నీ లెక్కపెట్టే ఓపిక లేకపోతే ముందురోజు ఆ చుట్టుపక్కల వేటకెళ్లే వాళ్లెవరినైనా అడగండి, ఏ యాప్ కన్నా బాగా చెప్తారు. బావురుపిల్లి కనిపిస్తుందని పిల్లలకి మాత్రం ఆశ పెట్టకండి, అక్కడ ఉన్న మాట నిజమే గానీ అది రాత్రి తిరిగే జంతువు. తిల్ల చెట్టు కొమ్మలు విరవనివ్వకండి, దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం.

ఆ కోరంగి పేరు ఒకప్పుడు సముద్రాలు దాటింది. ఓడలు కట్టే రేవు అది, ఇక్కడి నుంచి ఓడెక్కి వెళ్లిన తెలుగువాళ్లని బర్మాలో కోరంగీలు అనే పిలిచేవాళ్లు. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలకి ఆ రేవు మళ్లీ కోలుకోలేదు. చెక్కబాట మీద నిలబడి చుట్టూ చూస్తే ఇక్కడ ఓడలుండేవంటే నమ్మబుద్ధి కాదు.

పదకొండున్నరకల్లా యానాం చేరుకుని, భోజనం చేసి, ఎండ తగ్గేదాకా ఎక్కడైనా నీడన ఉండండి. నాలుగింటికి నడక మొదలుపెట్టండి. పాత ఊరు కాలినడకన అయిపోతుంది, ఆటో అవసరం లేదు. ముందు సెయింట్ ఆన్ చర్చి. 1846లో కట్టింది, లోపలి సామాను ఫ్రాన్స్ నుంచి వచ్చిందంటారు. ప్రార్థన జరుగుతుంటే బయటే ఆగండి, లేకపోతే లోపల పది నిమిషాలు ఊరికే కూర్చోండి, చల్లగా ఉంటుంది. అక్కడి నుంచి వెంకటేశ్వరస్వామి గుడికి. మీసాల వెంకన్న అంటే ఎవరైనా దారి చెప్తారు, స్వామికి నిజంగానే మీసాలుంటాయి, తిరుపతికి ఎన్నిసార్లు వెళ్లొచ్చిన వాళ్లయినా ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూస్తారు.

ఈ వీధుల్లో నడిచేటప్పుడే ఊరి కథ చెప్పుకుంటే బాగుంటుంది, బోర్డులు చదివి తెలుసుకునేది తక్కువ. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1723లో ఇక్కడికి బట్టల వ్యాపారం కోసం వచ్చారు. లాభం లేదని నాలుగేళ్లకే మూసేసి వెళ్లిపోయి, మళ్లీ కొన్నేళ్లకి వచ్చి తెరిచారు. వాళ్లు యానావ్ అనేవాళ్లు. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషు వాళ్ల దుకాణం, ఐరోపాలో వాళ్లిద్దరికీ యుద్ధం వచ్చినప్పుడల్లా ఇక్కడ యానాం చేతులు మారేది, 1814 సంధితో తిరిగి ఫ్రెంచి వాళ్లకి దక్కింది. మనకి 1947లో స్వాతంత్ర్యం వచ్చినా యానాంలో ఫ్రెంచి జెండా ఇంకో ఏడేళ్లు ఎగిరింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో జనం ఊళ్లోకి వచ్చి ఆ జెండా దింపేశారు. నవంబర్ 1న పాలన చేతికొచ్చింది, కాగితాల మీద పూర్తయ్యింది మాత్రం 1962 ఆగస్టు 16న. అందుకే చుట్టూ ఆంధ్ర ఉన్నా ఈ ముప్పై చదరపు కిలోమీటర్లు పుదుచ్చేరి కింద ఉంటాయి, బళ్ల నంబర్లు పీవై 04తో మొదలవుతాయి, తమిళం మోగే అసెంబ్లీలో ఇక్కడి ఎమ్మెల్యే తెలుగువాడు.

మీ వాళ్లెవరైనా ఫ్రాన్స్‌లో ఉంటే ఈ కథకి అవతలి కొస కూడా చూసి రమ్మనండి. ఆ కంపెనీ ఓడలు బయలుదేరిన రేవు బ్రెటనీ తీరంలోని లోరియాన్. అదీ మన యానాం లాగే నదులు సముద్రంలో కలిసే చోట ఉంది, స్కోర్ఫ్, బ్లావే అని రెండు నదులు. 1666లో ఈ తూర్పు దేశాల వ్యాపారం కోసమే పుట్టిన ఊరు, పేరుకి అర్థమే తూర్పు. రెండో ప్రపంచ యుద్ధం బాంబులకి పాత ఊరు దాదాపు పోయింది కాబట్టి వీధుల కోసం తిరగడం దండగ, నీళ్లకి అవతల పోర్ లూయీ కోటలో కంపెనీ మ్యూజియం ఉంది, నేరుగా అక్కడికే వెళ్లమనండి. మా తమ్ముడు అక్కడ చదువుకునేటప్పుడు వెళ్లి, అద్దాల వెనకున్న మన దేశపు అద్దకం బట్టల ఫోటోలు పంపాడు. మా అమ్మ చూసి "ఇలాంటి దుప్పటి మనింట్లో ఉండేదిరా" అంది.

యానాంకి ఇంకో పేరుంది, కల్యాణపురం. శారదా చట్టం 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చి బ్రిటిషు ఇండియాలో పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లకి పెళ్లి నేరమయ్యింది కదా, ఫ్రెంచి యానాంలో ఆ చట్టం లేదు. దాంతో చుట్టుపక్కల జిల్లాల వాళ్లు పెళ్లివారిని పడవలెక్కించుకుని ఇక్కడికొచ్చి తాళి కట్టించేసేవాళ్లు. మా నాన్నమ్మ పెళ్లి ఇక్కడే, తొమ్మిదేళ్లకి. పెళ్లి గురించి ఆవిడకి గుర్తున్నదల్లా పడవలో నిద్రపోతే ఎవరో లేపి పూలజడ సరిచేయడం, తిరిగొచ్చేటప్పుడు తన బొమ్మ రేవులో మర్చిపోవడం. ఫ్రెంచి ప్రభావం అని ఎవరైనా గొప్పగా మాట్లాడితే నాకు ఆ బొమ్మే గుర్తొస్తుంది.

అయిదింటికల్లా ఎక్కడున్నా వదిలేసి రాజీవ్ బీచ్‌కి వచ్చేయండి. పేరుకి బీచ్ గానీ ఇది నది ఒడ్డు, సముద్రం అనుకుని వచ్చి అలలేవీ అని అడిగేవాళ్లని చాలామందిని చూశాను. ఏనుగులు శివలింగం మీద నీళ్లు పోస్తున్నట్టు కట్టిన ఫౌంటెన్, భరతమాత విగ్రహం, ఫోటోలకి పిల్లలు అక్కడే తిరుగుతుంటారు. మీరు మాత్రం గట్టు మీద కూర్చుని ఎగువకి, పడమటకి చూడండి. పొద్దు వాలేటప్పుడు ఇక్కడ గౌతమి రంగు నిమిషానికోసారి మారుతుంది. ఇక ఊళ్లో ఎక్కడి నుంచైనా కనిపించే ఆ ఇనుప టవర్, వంద మీటర్ల పైచిలుకు, యానాం ఈఫిల్ టవర్ అంటారు. దాని కోసం రోజు ప్లాన్ మార్చుకోకండి, పైకి పంపిస్తున్నారో లేదో ఊళ్లో ఎవరినైనా అడిగి అప్పుడు వెళ్లండి.

తిండి విషయంలో ఏ నెలలో వచ్చారన్నదే లెక్క. గోదారికి ఎర్రనీరు తగిలాక, జూలై నుంచి సెప్టెంబర్ దాకా పులస. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, వరద నీటికి ఎదురీదాక పులస. పుస్తెలమ్మైనా తినాలన్నారు గానీ యానాం రేవులో ఒక్కో చేప వేలల్లో పాడతారు, అమ్మితే నిజంగానే అమ్మాలి. హోటల్లో పులస అని పెట్టిందల్లా పులస కాదు, ముక్క చూసి తేడా చెప్పగల పెద్దవాళ్లు పక్కన లేకపోతే ఆర్డర్ చేయకండి. దసరా దీపావళి రోజుల్లో అయితే చీరమేను దొరుకుతుంది, సూది మొనంత చేపలు, ఏటి ఒడ్డున చీరలతో పడతారు, గ్లాసుతోనూ శేరుతోనూ కొలిచి అమ్ముతారు. అది హోటళ్లలో వెతికే సరుకు కాదు, పొద్దున్నే రేవులో కొని, ఐసు పెట్టించుకుని ఇంటికి తెచ్చుకుని వండుకోవాల్సిందే. మిగతా నెలల్లో పీతలు, రొయ్యలు ఎప్పుడూ ఉంటాయి.

అడక్కపోయినా ఒక మాట. పుదుచ్చేరి పన్నుల వల్ల ఇక్కడ పెట్రోలూ మందూ చవక, సగం మంది యానాం వచ్చేది దానికే. ట్యాంకు నింపుకోండి, తప్పేం లేదు. సీసాలు మాత్రం బ్యాగులో వేసుకుని బోర్డర్ దాటకండి, ఆంధ్రలోకి తెస్తే కేసవుతుంది, చెక్‌పోస్టులో దొరికితే రోజంతా అక్కడే. ఆదివారం సాయంత్రాలు ఒడ్డున తాగి అల్లరి చేసేవాళ్లు కూడా ఉంటారు, కుటుంబంతో వస్తే వారం మధ్యలో రండి.

చీకటి పడ్డాక కాకినాడకైనా అమలాపురానికైనా అదే రహదారి, బస్సులుంటాయి. ఇంకో రోజు చేతిలో ఉంటే మాత్రం రాత్రి ఇక్కడే ఉండి, పొద్దున్నే ద్రాక్షారామం భీమేశ్వరుణ్ణి చూసుకుని, కోటిపల్లి రేవుకి వెళ్లి పంటు మీద ముక్తేశ్వరం దాటండి, అక్కడి నుంచి అమలాపురం దగ్గరే. వంతెన రాకముందు యానాంలో మేమెలా దాటేవాళ్లమో అక్కడ ఇప్పటికీ అలాగే దాటొచ్చు, బళ్లూ మనుషులూ సైకిళ్లూ అన్నీ ఒకే పంటు మీద. వరద రోజుల్లో ఆపేస్తారు, ఆ కాలంలో అయితే బయలుదేరేముందే కనుక్కోండి.