ఇంటి దగ్గరే బండి పని – 4వ పాఠం: క్లచ్ కవర్ ప్యాకింగ్ మార్చడం

పోయిన పాఠంలో ఇంజిన్ని కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, అనుమానమున్న చోటల్లా పౌడరు జల్లి ఐదారు కిలోమీటర్లు తిరిగి రమ్మన్నాను. పౌడరు ముందుగా ఎక్కడ తడిసిందో ఆయిలు కారేది అక్కడే. బండి నడుస్తుంటే గాలికి ఆయిలు వెనక్కి పాకుతుంది, అందుకే బాగా జిడ్డుగా కనబడే చోటు చాలాసార్లు అసలు చోటు కాదు. కుడివైపు క్లచ్ కవరు అంచు తడిసినవాళ్లకు ఈ పాఠం. ఆ కవరుకీ ఇంజిన్‌కీ మధ్య ఆయిలు కారకుండా ఉండే కాగితమే ప్యాకింగ్. కిక్ రాడ్డు మొదట్లో తడిసినవాళ్లు ఆగండి, అది సీలు పని, అంటే షాఫ్టు చుట్టూ ఉండే రబ్బరు రింగుది.

విప్పే ముందు రెండు చూడండి. ఆయిలు ఎక్కువ పోశారా? ఇంజిన్ లోపలి గాలి బయటికిపోయే బ్రీదర్ గొట్టం మట్టితో మూసుకుపోయిందా? ఏది జరిగినా లోపల ఒత్తిడి పెరిగి, మంచి ప్యాకింగ్ నుంచి కూడా ఆయిలు బయటికొస్తుంది.

ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిలు దించేయండి. కిక్ రాడ్డు, క్లచ్ కేబుల్ తీయండి. ఫుట్‌రెస్టు అడ్డొస్తే అదీ తీయాలి. స్ప్లెండర్ లాంటి 100 సీసీ బండికి కవరు బోల్టులన్నీ 8 నెంబరు టీ స్పానర్‌కే వస్తాయి గానీ పొడవులు వేరు. అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, బొక్కలు పొడిచి, ఏ బోల్టు ఆ బొక్కలోనే గుచ్చండి. పొడుగు బోల్టు పొట్టి దాని చోట పెడితే అడుగు తగిలి ఆగిపోతుంది, కవరు నొక్కుకోదు.

సముద్రం ఒడ్డునున్న కళింగపట్నం, బారువ వైపు బండ్లకు ఇక్కడే తిప్పలు. ఉప్పుగాలికి బోల్టు అల్యూమినియంలో పట్టేసి, తల చుట్టూ తెల్లటి పొడి కడుతుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిలు కొట్టి వదిలేయండి. పొద్దున తల మీద చిన్నగా తట్టి, వెంట్రుకవాసి బిగించి, ఆ తర్వాత వదులు చేయండి. తొందరపడితే బోల్టు లోపలే విరుగుతుంది.

కవరు ఊడకపోతే చెక్క సుత్తితో అంచుల మీద తట్టాలి. సందులోకి స్క్రూడ్రైవరు దూర్చొద్దు.

ఇక అసలు పని, పాత ప్యాకింగ్ గీకడం. పని నేర్చుకునే రోజుల్లో, సాలూరు ఘాటీ ఎక్కి దిగే ఒకాయన బండికి దీన్ని స్క్రూడ్రైవరుతోనే గీకేశాను. గోటికి తగిలేంత గీత పడింది. పైన కొత్త ప్యాకింగ్ వేసి ఇచ్చేశాను. వారం తిరక్కుండా ఆయన వచ్చి, "ఏటి బావూ, మళ్లీ అక్కడే కారతంది" అన్నాడు. విప్పి చూస్తే సరిగ్గా ఆ గీత మీదే ప్యాకింగ్ నల్లగా నాని ఉంది. తప్పు ప్యాకింగ్‌ది కాదు, నాది.

మీరు అలా చేయకండి. లోపల ముక్కలు పడకుండా ముందు శుభ్రమైన గుడ్డ కుక్కండి. పాత కాగితాన్ని థిన్నరుతో నానబెట్టి, బ్లేడు పడుకోబెట్టి ఓపిగ్గా లేపండి. గంట పట్టినా పట్టనివ్వండి. చివర్న పెట్రోలు గుడ్డతో తుడిచి, కళ్లు మూసుకుని గోరు చుట్టూ నడపండి. ఎక్కడా ఆగకూడదు.

ప్యాకింగ్‌కు గమ్ము దట్టంగా పూయడం నాకు ఇష్టం లేదు. బిగించినప్పుడు లోపలికి పిండుకున్న గమ్ము ఊడి ఆయిలు జల్లెడకు అడ్డం పడితే పంపుకు ఆయిలు అందదు. ఉపరితలం బాగుంటే పొడి ప్యాకింగే చాలు. గీత ఉంటే ఆ గీత మేరకే పల్చగా రాయండి.

కవరును సరైన చోట కూర్చోబెట్టే చిన్న డోవెల్ పిన్నులు రెండూ ఉన్నాయో లేదో చూసుకుని కవరు పెట్టండి. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, ఆపైన ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో బిగించండి. సుమారు 10 న్యూటన్ మీటర్లు, అంటే మణికట్టు బలం. భుజం వాడితే మర పోతుంది.

కంపెనీ పుస్తకంలో చెప్పినంత ఆయిలు పోసి, ఐదు నిమిషాలు ఇంజిన్ తిప్పి ఆపండి. రాత్రికి బండి కింద పాత పేపరు పరవండి. పొద్దున పేపరు మీద మచ్చ లేకపోతే, వచ్చే పాఠానికి కిక్ షాఫ్ట్ సీలు కొని ఉంచుకోండి.